చీపుళ్ళాటలో నేను పెట్టిన రూలు

హిందీ ఊళ్ళో, మేముండే భుయ్యాడీహ్ బస్తీలో మా సందు ఆడపిల్లలం ఒక వేసవిలో చీపుళ్ళాట మొదలుపెట్టాం. మంత్రగాళ్ళు చీపుళ్ళెక్కి గాల్లో ఎగురుతూ బంతితో ఆడే ఆట గురించి నేనొక కథలో చదివాను. మాకు ఎగరడం రాదు కాబట్టి చీపురు కాళ్ళ మధ్య పెట్టుకుని పరుగెత్తేవాళ్ళం. స్తంభానికి కట్టిన పాత సైకిల్ రిమ్ములోంచి రబ్బరు బంతి వెయ్యాలి.

"లచ్మీదేవిని కాళ్ళ మజ్జన ఎట్టుకుని గెంతుతారేటే?" అని అమ్మ తిట్టేది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. కెప్టెన్ని నేనే. రెండు కాళ్ళూ గాల్లో ఉండగా వేసిన గోలుకి రెండు పాయింట్లని రూలు పెట్టిందీ నేనే. పక్క సందు పిల్లలతో ఆడినరోజు ఒక్క పాయింటు వెనకబడ్డాం. తొమ్మిదేళ్ళ మా చెల్లికి బంతిచ్చి ప్రహరీగోడ ఎక్కించాను.

"దీదీ, డర్ లగ్ రహా హై," అంది, భయమేస్తోందని. తెలుగులో ఏమడిగినా అది హిందీలోనే జవాబిచ్చేది.

"దూకకపోతే రేపట్నించి నీకు ఆట లేదు."

దూకింది. బంతి రిమ్ములోంచి వెళ్ళింది. మేమంతా కేకలేస్తూ గెంతాం. అది లేవలేదని కాసేపటిదాకా ఎవరమూ చూసుకోలేదు.

ఇంటికి నడిపిస్తూ, బాత్రూంలో జారానని చెప్పమని బతిమాలాను. అలాగే చెప్పింది. చెయ్యి బెణికిందనుకుని అమ్మ రెండు రోజులు ఆవనూనె రాసి మర్దనా చేసింది. చెల్లి గుక్కపట్టి ఏడ్చేది. నూనె గిన్నె పట్టుకుని నేను పక్కనే కూర్చున్నాను. మూడోరోజుకి మోచెయ్యి నల్లగా ఉబ్బిపోతే నాన్న డ్యూటీ మానుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎముక విరిగింది.

కట్టు విప్పాక ఆ చెయ్యి పూర్తిగా చాపలేకపోయింది. ఆ సాయంత్రం వంటింట్లో అమ్మకి జరిగిందంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. చేతిలో పిండిముద్దతో అలాగే నిలబడిపోయింది.

"నాను నూనె రాత్తన్నప్పుడు నువ్వు పక్కనే కూకున్నావు కదే," అంది. ముద్ద గిన్నెలో పెట్టేసి, "నాకేటి సెప్తావు, దానికి సెప్పు," అంది.

చెల్లి మంచం మీద హోంవర్కు రాసుకుంటోంది. తప్పయిపోయిందన్నాను. తలెత్తకుండానే "ఠీక్ హై" అంది.

తర్వాత మామూలుగానే ఉంది. నవ్వింది, పోట్లాడింది, నా పక్కలోనే పడుకుంది. కానీ సాక్చి బజారులో రోడ్డు దాటుదాం రమ్మన్నా, ఆటో ఎక్కమన్నా, ముందొక క్షణం ఆగి నా మొహంలోకి చూసేది. పెద్దయ్యాక కూడా ఆ చూపు పోలేదు. ఎందుకలా చూస్తావని అడగడానికి నాకింతవరకూ ధైర్యం చాల్లేదు.