అమ్మ చెయ్యి, నా తడి గరిటె

మా అమ్మ చెప్పే చిట్కాలను నేను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషిని, ఊరికే ఎట్లా కూర్చుంటాను? తిరుపతిలో మా అపార్ట్‌మెంటు చుట్టూ లాడ్జీలే. వాటి మిద్దెల మీద ఆరేసిన దుప్పట్లను ఎంతసేపని చూస్తాం? పైగా అమ్మ మాతోనే ఉంటుంది. పొద్దున పాలు కాచేటప్పుడు మొదలుపెడితే సాయంత్రం దీపం పెట్టేలోపు ఆమె నోటినుంచి అరడజను చిట్కాలైనా రాలతాయి. సరుకు ఇంట్లోనే దొరుకుతుంటే పరీక్షలకు కొదవేముంది?

మొదటి పరీక్ష కందిపప్పు మీద. పప్పుకు ఆముదం పట్టించి దాస్తే పురుగు పట్టదని అమ్మ అంటుంది. నిజమో కాదో తేలాలంటే రెండు డబ్బాలు కావాలని, ఒకదానికి పట్టించి రెండోదాన్ని అట్లాగే వదిలేయాలని నేను పట్టుబట్టాను.

"పురుగు పడతాదని తెలిసి తెలిసీ ఎవురన్నా పప్పును అట్ల వదిలేస్తారా నాయినా?" అంది అమ్మ.

"అదేమ్మా సైన్సు" అన్నాను.

డబ్బాల మీద తారీకులు రాసి కాగితాలు అంటించాను. మూడు నెలలకు ఆముదం డబ్బా నిక్షేపంగా ఉంది. రెండోదాని మూత తీస్తే పప్పు తనంతట తానే కదులుతోంది. అమ్మ చేట తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నీ సైన్సు బాగుండాది, ఇంగ ఏరుకో" అంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే నా భార్య డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను బాల్కనీలో కూర్చుని పురుగులు ఏరుతున్నాను. ఆమె చెప్పులు కూడా విప్పకుండా ముందు ఫోటో తీసింది.

అన్నింట్లోనూ అమ్మే గెలిచిందని అనుకోకండి. పులుసులో ఉప్పెక్కువైతే ఉర్లగడ్డ కోసి వేయమంటుంది. అదేనండీ, బంగాళాదుంప. ఉప్పంతా అది పీల్చేస్తుందట. వేశాను. గడ్డ బాగానే పీల్చింది, పులుసు మాత్రం తన ఉప్పు తాను ఉంచుకుంది. నీళ్లు పోసి మరిగించడం తప్ప మార్గం లేదని నేను తీర్పు చెప్పాను. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "గడ్డలు బాగుండాయి గదా, అవి తిను" అంది. ఇక ఒళ్లు కాలిన చోట దోసెపిండి పూయడాన్ని నా భార్య మా ఇంట్లో నిషేధించింది. కాలితే కుళాయి కింద చన్నీళ్లు, అంతే. ఆమె చెప్పింది కాబట్టి అమ్మ సరేనంది. అదే మాట నేను చెప్పి ఉంటే వినేది కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ చెట్టు నేనే.

ఒకసారి నా ఫోను బకెట్లో పడింది. ఎక్కడో చదివిన గుర్తుతో దాన్ని తీసుకుపోయి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. సాయంత్రం బియ్యం కొలవబోయిన అమ్మ చేతికి అది తగిలింది.

"బియ్యంలో ఫోనేంది నాయినా?"

"బియ్యం తడి పీల్చేస్తాదమ్మా. ఇప్పుడు అందురూ ఇట్లే చేస్తా ఉండారు."

"అంతగా పీల్చేదైతే వానల్లో మన బియ్యం మూటలు మూటలుగానే అన్నమైపోయుండాల గదా!"

మర్నాడు రిపేరు అంగట్లో కుర్చీలో ఉన్న మనిషి ఛార్జరు పెట్టే చిల్లులోంచి గుండుసూదితో ఒక బియ్యపుగింజ బయటికి లాగి, "సార్, ఇది మీదే" అని నా చేతిలో పెట్టాడు. ఈ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు, మా ఇంటికి వచ్చినవాళ్లకు తప్ప.

ఇన్ని పరీక్షలు చేసినా ఒక్క చిట్కా జోలికి మాత్రం నేను పోలేదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదన్నది. దానికి పరీక్ష అక్కర్లేదు. తడి తగిలితే బూజు వస్తుంది, అది అమ్మ చెప్పినా పుస్తకం చెప్పినా ఒకటే. నేను కళ్లు మూసుకుని నమ్మిన మాట అదొక్కటే. నేను తప్పిన మాట కూడా అదొక్కటే.

అమ్మ ఊరగాయ గురించి కొంచెం చెప్పాలి. ఏటా ఎండాకాలంలో చిత్తూరు వైపు నుంచి పుల్లటి మామిడికాయలు తెప్పించి, నడుమెత్తు పింగాణీ జాడీ నిండా పెడుతుంది. మూతి మీద తెల్లగుడ్డ పరిచి తాడుతో వాసెన కడుతుంది. నెలకొకసారి, తలస్నానం చేసి చేతులు బాగా ఆరినాక, తనే వాసెన విప్పి నెలకు సరిపడా చిన్న సీసాలోకి తీస్తుంది. మిగిలినవాళ్లం సీసాకే గానీ జాడీకి హక్కుదారులం కాదు. సత్యవేడులో ఉండే మా చిన్నమ్మకూ మిగతా బంధువులకూ ఏడాది పొడుగునా ఊరగాయ ఆ జాడీలోంచే పోవాలి. అవే కాయలు, అదే కారం, అదే నూనె అయినా ఒకరు పెడితే రెండేళ్లు ఉంటుంది, ఇంకొకరు పెడితే రెండు నెలలకే మెత్తబడుతుంది. ఎందుకని అడిగితే మావైపు "చెయ్యి" అంటారు. అమ్మది మంచి చెయ్యి అని మా బంధువర్గమంతా ఒప్పుకున్న విషయం.

పోయిన కార్తీకంలో, వానలు విడవకుండా పడుతున్న రోజుల్లో, అమ్మ పది రోజులు సత్యవేడుకు పోయింది. చిన్నమ్మకు మోకాలి నొప్పి, తోడుగా ఉండాలని. ఆమె వెళ్లిన రోజు మధ్యాహ్నమే చిన్న సీసా ఖాళీ అయింది. నా ముందు పెరుగన్నం ఉంది. జాడీ మూలన ఉంది. అప్పుడే కడిగిన గరిటెను రెండుసార్లు విదిల్చి, వాసెన విప్పి, ఊరగాయ తీసుకున్నాను. విదిలిస్తే చాలనుకున్నాను.

అమ్మ తిరిగొచ్చిన వారానికి జాడీ తెరిచింది. వంటింట్లోంచి చప్పుడు లేదు. ఏమైందోనని వెళ్లి చూస్తే పీట మీద కూర్చుని ఉంది. జాడీలో పైన తెల్లగా, దూది పరిచినట్టు బూజు.

"నా సెయ్యి పొయ్యింది నాయినా" అంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి బదులు పాఠం మొదలుపెట్టాను. గాల్లో తేమ ఎక్కువగా ఉందన్నాను. "అన్ని ఏండ్లూ వానలు పడలేదా?" అంది. ఉప్పు చాలకపోయినా ఇట్లా అవుతుందన్నాను. "అయితే ఉప్పు తక్కవేసినానా?" అని తన అరచేతిని చూసుకుంది. నేను చెప్పిన ప్రతి కారణమూ తిరిగి తిరిగి ఆ చేతి మీదికే పోయింది.

"మా అత్తకు గూడా డెబ్బై దాటినాక ఒక ఏడు ఇట్లే అయినాది. ఆ పొద్దు నుంచి సచ్చేదాకా ఆమె మళ్లా జాడీ ముట్టలా" అంది అమ్మ.

"ఎవురన్నా తడి గరిటె పెట్టినారేమో అత్తా" అంది నా భార్య.

"ఎవరు పెడతారు?" అన్నాను నేను. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే నా భుజాలు నేను తడుముకున్నాను. నా భార్య నా వైపు ఒకసారి చూసింది.

ఆ సాయంత్రమే అమ్మ చిన్నమ్మకు ఫోను చేసింది. "వచ్చే ఏడు నుంచి అంగట్లో కొనుక్కోండమ్మే. నా సెయ్యి పొయ్యింది" అని చెప్పింది. తర్వాత మిగతావాళ్లకూ ఒక్కొక్కరికీ చేసి అదే చెప్పింది, ఏదో చావు కబురు చెప్పినట్టు. అక్కడితో ఆగలేదు. ఆమె చిట్కాలు చెప్పడం మానేసింది. పాలు పొంగుతుంటే చూస్తూ ఊరుకునేది. వెన్న కాచేటప్పుడు మునగాకు ఎప్పుడు వేయాలని నా భార్య అడిగితే, "నాకేం తెలుసు అమ్మాయ్, ఫోన్లో సూసుకో" అంది. ఎన్నేళ్లుగానో ఆ చిట్కాలు వినలేక విసుక్కున్నవాణ్ణి, అవి లేని వంటింట్లో నిలబడలేకపోయాను. నాకు చాలా సిగ్గేసింది. అయినా ఐదారు నెలలు నోరు విప్పలేదు. ఆమె తిడుతుందని కాదు. తేమ గురించి తరాల పిల్లలకు పాఠం చెప్పినవాడు తడి గరిటె పెట్టాడంటే నవ్వుతారని.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. వీధిలో "పుల్ల మామిడీ" అని తోపుడుబండి కేక వినబడినా అమ్మ కూర్చున్నచోటు నుంచి లేవలేదు. ఒక పొద్దున నేను లేచేసరికి జాడీ గుమ్మం పక్కన ఉంది. అందులో మా గొడుగులు నిలబెట్టి ఉన్నాయి.

"ఊరికే ఉండే బదులు దీనికన్నా పనికొస్తాది గదా" అంది అమ్మ.

గొడుగులు చూశాక ఇక నావల్ల కాలేదు. "అమ్మా, ఆ పొద్దు జాడీలో తడి గరిటె పెట్టింది నేనే. నువ్వు సత్యవేడుకు పోయినప్పుడు. ఒక్కసారే" అన్నాను.

అమ్మ నన్ను చూసి నవ్వింది. జాలిగా నవ్వింది. "నన్ను ఊరడించేదానికి సెప్తా ఉండావు. పప్పు డబ్బా మీద తారీకు రాసి అంటించేవాడివి, నువ్వు తడి గరిటె పెడతావా?"

"పెడతాడు అత్తా, నమ్ము" అంది నా భార్య. "సెప్పేవన్నీ శ్రీరంగనీతులే."

అమ్మ నమ్మలేదు. ఇన్నేళ్లుగా ప్రతిదానికీ రుజువు అడిగినవాణ్ణి, నా తప్పుకు నేనే రుజువు చూపించాల్సి వచ్చింది. వీధిలోకి పోయి నాలుగు కాయలు కొనుక్కొచ్చాను. ఊరగాయ పెట్టి రెండు సీసాల్లో పోద్దామని, ఒకదాంట్లో తడి గరిటె పెట్టి చూద్దామని అన్నాను. అంగట్లో ఊరగాయతో చూసుకోమంది అమ్మ. దాంట్లో చెడకుండా మందు కలుపుతారు, పరీక్షకు పనికిరాదన్నాను. చాలాసేపు బతిమాలితే చివరికి కత్తిపీట తెమ్మంది.

ముక్కలు కొట్టి ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచింది. కారం, ఆవపిండి కలిపింది. ఉప్పు పిడికిట్లోకి తీసుకున్నాక ఆగిపోయి, "సాలునా?" అని నన్ను అడిగింది. పుట్టి బుద్ధెరిగినాక ఉప్పు గురించి ఆమె నన్ను అడగడం అదే మొదటిసారి. "నాకేం తెలుసమ్మా, నీకే తెలియాల" అన్నాను. ఆమె ఇంకొంచెం వేసింది.

సీసాలకు "పొడి", "తడి" అని కాగితాలు అంటించాను. అమ్మనూ నా భార్యనూ పిలిచి, వాళ్ల ఎదుటే రెండోదాంట్లో తడి గరిటె ముంచాను. ఇక రోజూ పొద్దున లేవగానే బూజు కోసం చూడటమే నా పని. వారం గడిచింది, రాలేదు. నెల గడిచింది. రోహిణి ఎండలు పోయి నాలుగు చినుకులు కూడా పడ్డాయి. రెండు సీసాల్లోనూ నూనె ఎర్రగా తేలి నిగనిగలాడుతోంది. ఊరగాయ బాగున్నందుకు ఏడుపొచ్చిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అమ్మ తడి సీసా వెలుతురుకు ఎత్తి చూసింది. "సూసినావా? తడి గరిటెకు దీనికేమీ గాలా. అంటే ఆ పొద్దు సెడింది నీవల్ల గాదు. నా సెయ్యే" అని సీసా కింద పెట్టేసింది.

"ఇది బాగుండాది గదమ్మా, నీ సెయ్యితో పెట్టిందే గదా?"

"ఆ జాడీ గూడా ఆరు నెలలు బాగానే ఉండె నాయినా."

ఇక దాచి లాభం లేదు. మీకు కూడా నేను సగమే చెప్పాను, క్షమించండి.

"ఒక్కసారి గాదమ్మా" అన్నాను.

"మరి?"

"దినామూ. నువ్వు లేని పది దినాలూ. రెండు పూట్లా."

అమ్మ నోరు తెరిచింది. "వాసెన?"

"కట్టలా. పళ్లెం బోర్లిచ్చి పెట్టినా. నువ్వొచ్చే ముందు కట్టినా."

"గరిటె అన్నా కడిగినావా?"

"కడిగినా. ఒకటి రెండుసార్లు మాత్రం... పెరుగన్నం కలిపిన దాంతోనే."

"పెరుగు గరిటె!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత నీచమైన పని ఎవరూ కల్పించి చెప్పుకోరు కాబట్టి అమ్మకు నమ్మకం కుదిరింది. తిట్లకు సిద్ధపడి తల వంచుకుని నిలబడ్డాను. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆమె వేళ్లు మడుస్తూ ఉంది.

"పది దినాలు, రెండు పూట్లు. ఇరవై. ఇరవై తడి గరిటెలు! కార్తీకం వానల్లో, వాసెన లేకుండా, పెరుగుతో సహా! అయినా బూజు పైపొరకే గదా పట్టింది? అడుగున ముక్క గట్టిగానే ఉండె, నేనే గదా పారబోసింది!" అని లేచి నిలబడింది. "ఫోనియ్యి ఇట్ల."

మొదటి ఫోను చిన్నమ్మకు. "ఏమే, నా సెయ్యి యాడికీ పోలేదమ్మే! మావోడు ఇరవై తడి గరిటెలు పెట్టినాడు జాడీలో. ఆ, ఆ, కెమిస్ట్రీ సారే!" అటువైపు చిన్నమ్మ నవ్వు నాకు గుమ్మం దాకా వినబడింది. తర్వాత ఒక్కొక్కరికీ చేసింది. చావు కబురులా చెప్పినవాళ్లందరికీ ఇప్పుడు పెళ్లి కబురులా చెప్పింది. మధ్యాహ్నానికల్లా తిరుపతి నుంచి సత్యవేడు దాకా నా పరువు పోయింది. అంత సంతోషంగా పరువు పోగొట్టుకున్న రోజు నాకు ఇంకొకటి లేదు. "వద్దు, అంగట్లో కొనొద్దు. ఇంకా కాయలు వస్తా ఉండాయి. నేనుండా గదా" అని ఆమె ఎవరితోనో అంటుంటే, నేను గొడుగులు తీసేసి జాడీ కడిగి, గుడ్డతో రెండుసార్లు తుడిచి, బాల్కనీలో ఎండకు బోర్లించాను.

అమ్మ చెవి దగ్గర ఫోను తీయకుండానే నా వైపు తిరిగింది.

"బోర్లిచ్చొద్దు నాయినా, ఆవిరి లోపలే నిలబడిపోతాది. పక్కకు వాల్చి పెట్టు."

కార్తీకం తర్వాత ఆమె చెప్పిన మొదటి చిట్కా అది. పరీక్షించకుండానే పక్కకు వాల్చి పెట్టాను.