గుంత మీద బుట్ట

మా ఎదురింటి మాస్టారు ఆసుపత్రిలో పోయారన్న కబురు ముందు నాలుగో అంతస్తులో ఉన్న మా అపార్ట్‌మెంట్ సెక్రటరీకి చేరింది. అక్కడి నుంచి మెట్లు దిగుతూ, గుమ్మం గుమ్మానా ఆగుతూ, కింది వాటాలో ఆయన ఎదురు తలుపున ఉన్న నాకు అందరికంటే చివర తెలిసింది. ఆయనుంటే "ఇదీ పర్కొలేషనే తల్లీ" అని నవ్వేవారు. పోయిన రోజున కూడా ఆ మాటే గుర్తుకు తెచ్చిన మనిషిని ఏమనాలి?

ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆయనకి ఆ ఒక్క మాట మీద ఎందుకంత మోజో! ఫిల్టర్లో డికాక్షన్ దిగితే పర్కొలేషన్. వాన నీరు భూమిలో ఇంకితే పర్కొలేషన్. మొద్దు పిల్లాడి బుర్రకి పాఠం ఎక్కినా అదే. కాఫీకి పిలిచి, నేను వెళ్లి కూర్చున్నాక ఫిల్టర్లో వేడినీళ్లు పోసేవారు. ఇవతల నా నైవేద్యం ఆగిపోయేది. త్వరగా దిగుతుందేమోనని గరిటెతో తట్టబోతే, "ఏటమ్మా, కొడితే దిగుతాదా? దాని దారిన దాన్ని దిగనీ" అనేవారు. కాఫీ మాత్రం, చెప్పక తప్పదు, బాగుండేది.

అసలు గొడవ ఇంకుడు గుంత దగ్గర. మధురవాడలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయినప్పుడు, అందరినీ సతాయించి ఆయనే ఆ గుంత తవ్వించి రాళ్లు నింపించారు. ఎవరూ తొక్కని చోటు కదా అని నేను రోజూ అభిషేకం నీళ్లూ, వాడిన పూలూ అందులో పోసేదాన్ని.

"పూలు నీ దేవుడికిష్టం గానీ నా గుంతకి కాదు తల్లీ. సందులు మూసుకుపోతన్నాయి. నాను సెప్తే ఇనవేటి?" అంటూ కర్రతో ఒక్కో బంతిపువ్వూ పైకి తీసేవారు. నాకు ఒళ్లు మండేది. చివరికి ఒకనాడు చిల్లుల బుట్ట తెచ్చి గుంత మీద పెట్టారు. "నీళ్లు నాకు, పూలు నీ మొక్కలకి. సరేనా?"

ఆయన కర్మలు అయిన మర్నాడే సెక్రటరీ సిమెంటు బస్తాలు దింపించాడు. "గుంత మూసేసి కార్లు పెట్టుకుందామక్కా. మాస్టారు లేరు, ఇంకెవరు అడుగుతారు?"

ఎవరు అడుగుతారు! గట్టిగా మాట్లాడడం రాని నాకు ఈ తగువు అంటగట్టి ఆయన హాయిగా వెళ్లిపోయారు.

"నానడుగుతాను బాబూ" అన్నాను.

"ఏటక్కా? ఇనపడ్లేదు."

మళ్లీ అన్నాను. ఈసారి పై అంతస్తుల వాళ్లు కూడా తొంగి చూశారు.

బస్తాలు ఇంకా గోడవారనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే వాటి ఎదుటే చెంబు వంచుతున్నాను. నీళ్లు మెల్లగా, విసుగు పుట్టేంత మెల్లగా దిగుతాయి. బుట్టలో తడి బంతిపూలు మిగులుతాయి.