దారంతో కొలిచిన దారి

జమ్మలమడుగు దగ్గరి ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచరుగా చేరిన మొదటి ఏడాది అది. మ్యాపులోని వంకర దారులను దారంతో కొలిచి, ఆ కొలతను కిలోమీటర్లలోకి ఎలా మార్చాలో ఎనిమిదో తరగతికి చెబుతున్నాను. వరండాలో పోతున్న లెక్కల సారు తలుపు దగ్గర ఆగాడు.

"ఏంది మేడం, లెక్కలు చెప్తాండారు? మీకెందుకవి? రాజుల కతలు చెప్పుకోండి" అన్నాడు.

పిల్లలు ఘొల్లున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ నెలంతా కసిగా, ప్రతి పాఠంలోనూ పిల్లల చేత కొలతలు తీయించాను. తనిఖీ రోజున అధికారి వెంట లెక్కల సారు కూడా నా క్లాసుకు వచ్చాడు. నేను జిల్లా మ్యాపు చూపించి, స్కేలు ఆయన చేతికిచ్చాను.

"జమ్మలమడుగు నుంచి పులివెందులకు బస్సు ఎంత దూరం పోతుందో మీరే కొలిచి చెప్పండి సార్."

ఆయన రెండు ఊళ్ల మధ్య స్కేలు తిన్నగా పెట్టి, "పది సెంటీమీటర్లు. అంటే యాభై కిలోమీటర్లు" అన్నాడు.

ముందు బెంచీలోని మస్తానమ్మ లేచింది. "బస్సు ముద్దనూరు మీద తిరిగి పోతాది సార్. గాల్లో పోదు."

ఆ పిల్ల రోడ్డు గీత వెంట దారం పరిచి, దూరం అరవై దాటుతుందని చూపించింది. అధికారి నవ్వాడు, క్లాసంతా నవ్వింది. సారు చెవులు ఎర్రబడ్డాయి. నేను పిల్లలను ఆపలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆయన, "కావాలనే చేసినారు గదా మేడం" అన్నాడు.

"అవును సార్, కావాలనే చేసినా" అన్నాను.

టీచరుకు పగ తగదంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ హాయిగానే ఉంటుంది.