ఇరవై మూడో స్లైడు దగ్గర కండక్టరుగారు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ కండక్టరుగారు అంటారు. ఆయన జన్మలో టికెట్టు కొట్టిన మనిషి కాదు. ఇరవై రెండేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, ఆ ప్రెస్సు మూతపడ్డాక నలభై ఏడో ఏట కంప్యూటరు ముందు కూర్చున్నారు. మేం చేసేది కంప్యూటర్లో చదువుకునే పాఠాలు. ఆసుపత్రులవాళ్ళు, ఫ్యాక్టరీలవాళ్ళు తమ పనివాళ్ళకి నేర్పాల్సింది మాకు పంపుతారు. మేం దాన్ని స్లైడులుగా కోసి, బొమ్మలు పెట్టి, గొంతు పెట్టి, కింద ‘వెనక్కి’, ‘తర్వాత’ అని రెండు బటన్లు పెట్టి ఇస్తాం. ఆ బటన్లు మొరాయించినప్పుడు ఫోన్లు ఆయనకి వస్తాయి. ఎవరు చేసినా ఆయన మొదట అడిగేది, “ఎక్కడ ఎక్కారు? ఎక్కడ ఆగిపోయారు?” అని. అలా వచ్చింది ఆ పేరు. పెట్టిన పుణ్యం నాదే.

పాఠాల్లో వినిపించే గొంతు కూడా నాదే. నాకు ముక్కు మీద కోపం అంటారు. అనేవాళ్ళని అననివ్వండి, నేనేమీ కాదనను. కండక్టరుగారికి మాత్రం కోపం అంటే ఏమిటో తెలియదు. ఆ ఒక్క విషయంలోనే ఆయన మీద నాకు కోపం.

ఆయన పని చేసే పద్ధతి వింతగా ఉంటుంది. కొత్త పాఠం తయారవగానే ల్యాప్‌టాప్ ఇంటికి పట్టుకెళ్తారు. వంటింటి పక్కన ఉన్న బల్ల మీద పెట్టి, డెబ్బై దాటిన అత్తగారిని దాని ముందు కూర్చోబెట్టి, తాను వెనకాల స్టూలు మీద నోట్‌బుక్కు పట్టుకుని కూర్చుంటారు. ఇక నోరు మెదపరు. “ఇక్కడేదో మిణుకు మిణుకుమంటోంది అల్లుడూ, నొక్కమంటావా?” అని ఆవిడ అడిగినా పలకరు. “ఇదేం మనిషివయ్యా, బెల్లం కొట్టిన రాయిలా!” అని తిట్టుకుంటూ ఆవిడ ఏదో ఒకటి నొక్కుతుంది. ఏం నొక్కిందో రాసుకుంటారు. తిట్లు కూడా రాసుకుంటారు. “మా అమ్మకి నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో, సరుకులెత్తే బండి ఎలా నడపాలో అన్నీ కంఠతా వచ్చు. టీవీ రిమోటొక్కటే చేతకాదు,” అని ఆయన భార్య నాతో ఒకసారి అంది.

ఆసుపత్రి పాఠం తయారైన వారంలో ఆ అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. రెండు వారాలు ఆగుదామని కండక్టరుగారు అన్నారు. “మీ అత్తగారి కళ్ళ కోసం ఆసుపత్రి ఆగుతుందా?” అన్నాడు మేనేజరు. పాఠం వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చేసింది ఒక వార్డు ఆయా. తొమ్మిదేళ్ళుగా తాత్కాలికంగా పని చేస్తోంది. ఆపరేషన్ పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే గదిలో ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. ఈ పాఠం పూర్తి చేసి, సాయంత్రం ఐదింటిలోగా సర్టిఫికెట్టు చూపిస్తే ఆ పోస్టు ఆవిడది, లేకపోతే లేదు. నలభై ఒక్క స్లైడుల్లో ఇరవై మూడో దాని దగ్గర ‘తర్వాత’ బటను బూడిద రంగులో ఉండిపోయింది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదట.

మేనేజరు డిజైనర్ని పిలిచాడు. ఆ పిల్ల ఇరవై మూడో స్లైడు తెరిచి చూపించింది. నా గొంతు పలికింది, ఆగింది, బటను ఆకుపచ్చగా వెలిగింది. “చూడండి సార్, బంగారంలా పనిచేస్తోంది,” అంది.

“ఆడలేక మద్దెల ఓడంటారే, అదీ సంగతి. ఎక్కడో తప్పు నొక్కి ఉంటుంది,” అన్నాను నేను. ఫోను స్పీకరు మీద ఉందని, ఆ మాట ఆవిడకి వినబడుతుందని నాకప్పుడు తెలియదు.

“అవునమ్మా, నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను. నాకివన్నీ అలవాటు లేదు,” అంది ఆవిడ అటునుంచి, మెల్లగా.

కండక్టరుగారు నా వైపు చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, “మీరేం తప్పు చెయ్యలేదమ్మా. పొద్దున ఎక్కడ ఎక్కారు? మొదట్నుంచీ చెప్పండి, తొందరేం లేదు,” అన్నారు.

తొందరేం లేదట! గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, నోట్‌బుక్కులో స్లైడుకొక డబ్బా చొప్పున గీస్తూ, ఆవిడ ఎటు వెళ్తే అటు బాణం గుర్తు వేస్తూ వింటున్నారు. ఇరవై రెండు డబ్బాలకీ బాణాలు ముందుకే ఉన్నాయి. ఇరవై మూడు దగ్గర ఆవిడ తడబడింది.

“అక్కడ... ఆ అమ్మాయి చెప్పేది సగంలో ఉండగా వెనక్కి వెళ్ళాను సార్. ముందు పేజీలో విన్నది సరిగ్గా పట్టుబడలేదు. అది మళ్ళీ విని ఇటొచ్చేసరికి అమ్మాయి మాట్లాడ్డం లేదు. బటనూ వెలగడం లేదు.”

కండక్టరుగారు ఇరవై మూడు నుంచి ఇరవై రెండుకి ఒక బాణం గీశారు. ఆ కాగితం మీద వెనక్కి తిరిగిన బాణం అదొక్కటే. దాన్ని డిజైనరుకి చూపించి, “నువ్వెప్పుడైనా ఇలా వెళ్ళావా?” అన్నారు.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఎందుకు వెళ్తుంది? ఏ స్లైడు సరిచేస్తే ఆ ఒక్క స్లైడే తెరిచి చూసుకుంటుంది. నేనూ అంతే. పాఠంలో ఏముందో మాకు ముందే తెలుసు, ఇక మాకు వెనక్కి వెళ్ళే పనేముంది?

జబ్బు దొరికాక మందు చిన్నదే. గొంతు పూర్తయితేనే బటను తాళం తియ్యాలని మేం పెట్టిన షరతు. వేరే పాఠంలోంచి తెచ్చి అతికించిన ఆ ఒక్క స్లైడుకి మాత్రం, మనిషి తిరిగొస్తే ఎక్కడ వదిలి వెళ్ళాడో అలాగే ఉండాలని ఇంకో షరతు మిగిలిపోయింది. తిరిగొచ్చినవాళ్ళకి గొంతు మళ్ళీ మొదలవదు. మొదలవనిది పూర్తవదు. పూర్తవనిదే తాళం రాదు. “తిరిగొస్తే మొదట్నుంచీ” అని ఒక్క గుర్తు మారిస్తే సరి.

“అంటే బాబాయ్, గబగబా నొక్కుకుంటూ పోయినవాళ్ళందరూ పాసు. అర్థం చేసుకుందామని ఆగినావిడే బోల్తా పడింది,” అన్నాను.

“అంతేనమ్మాయ్,” అన్నారు కండక్టరుగారు.

కానీ గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటుంది. సరిచేసిన పాఠం మళ్ళీ ఎక్కిస్తే, మధ్యలో ఉన్నవాళ్ళు ఒకటో స్లైడు నుంచి మొదలుపెట్టాలి. పాఠం గంటన్నర. ఎక్కించడానికి ఇంకో అరగంట. మేనేజరు లెక్కేసుకుని, “ఎందుకీ తలనొప్పి? మన దగ్గర్నుంచి ఆవిడ పేరు పక్కన ‘పూర్తి’ అని ఒక టిక్కు కొట్టేద్దాం,” అన్నాడు. నాకూ అదే న్యాయం అనిపించింది. తప్పు మాది, శిక్ష ఆవిడకెందుకు?

కండక్టరుగారు ఆవిడకి రెండు దారులూ విడమరిచి చెప్పారు. ఎటు వెళ్ళాలో చెప్పలేదు. అత్తగారి వెనక కూర్చున్నట్టే, నోరు కట్టేసుకుని ఎదురుచూశారు.

తర్వాత ఆవిడ అంది, “మిషను మధ్యలో ఆవిరి తగ్గిపోతే లోపలున్న కత్తులూ కత్తెరలూ ఏం చెయ్యాలో ఆ పేజీలోనే ఉంది కదా సార్. అది నాకింకా తెలియలేదు. సోమవారం ఆ మిషను దగ్గర నిలబడేది నేనేగా. టిక్కు వద్దులెండి. ఆ అమ్మాయి మాత్రం కాస్త నెమ్మదిగా చెప్తే బాగుండును. రైలు తప్పిపోతున్నట్టు చెప్పింది.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ స్లైడు రెండు నిమిషాలది. నలభై సెకన్లకి కుదించమని మేనేజరు అంటే, మాటకి మాట అనే నేను ఆ రోజు కిక్కురుమనకుండా గబగబా చదివి పారేశాను. తొందరగా ఇంటికి పోవచ్చని. కండక్టరుగారు ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడి తేలికపడేదాన్ని.

“బాబాయ్, ఎలాగూ మళ్ళీ ఎక్కిస్తున్నారు కదా. ఐదు నిమిషాలియ్యండి,” అని రికార్డింగ్ గదిలోకి పరిగెత్తాను. ఇరవై రెండూ ఇరవై మూడూ మళ్ళీ చదివాను. ఆవిరి తగ్గితే తలుపు తియ్యకండి. లోపలి పనిముట్లు శుద్ధి అయినట్టు కాదు. అన్నీ మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి. ఇన్ని పాఠాలు చదివిన నేను ఆ వాక్యాల అర్థం మొదటిసారి విన్నది అప్పుడే.

మూడూ పదికి కొత్త పాఠం ఎక్కింది. ఆవిడ మొదలుపెట్టింది. మా దగ్గర తెర మీద ఆవిడ ఏ స్లైడులో ఉందో అంకె ఒకటి కనిపిస్తుంది. నలుగురం దాని చుట్టూ చేరాం. నాలుగింటికి ఇరవై రెండు, తర్వాత ఇరవై మూడు. హమ్మయ్య అనుకునేలోపు అంకె మళ్ళీ ఇరవై రెండైంది.

“అయ్యో రాత! మళ్ళీ అర్థం కాలేదా?” అని తల పట్టుకున్నాను. ఫోన్ చేద్దామన్నాడు మేనేజరు. కండక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టి, “వద్దు, చూడనివ్వండి,” అన్నారు. ఇరవై మూడు వచ్చింది. రెండు నిమిషాలు అలాగే నిలబడింది. తర్వాత ఇరవై నాలుగు. డిజైనరు నా భుజం గిల్లేసింది. ఐదింటికి తొమ్మిది నిమిషాలుండగా ఆవిడ పేరు పక్కన ‘పూర్తి’ అని పడింది. ఎవరూ టిక్కు కొట్టలేదు.

ఐదు దాటాక ఆవిడే కండక్టరుగారికి ఫోన్ చేస్తే, ఆయన అందరికీ వినబడేలా స్పీకరు పెట్టారు. పోస్టు ఖాయమైందట. నేను ముందుగా క్షమించమన్నాను. “పోనివ్వమ్మా, ఈసారి చక్కగా చెప్పావు,” అంది.

“మరి ఇరవై మూడు దగ్గర మళ్ళీ వెనక్కెళ్ళారేం? మా ప్రాణాలు పోయాయి!” అన్నాను.

“అర్థం కాక కాదమ్మా. వెనక్కెళ్తే మళ్ళీ ఇరుక్కుంటామో లేదో చూద్దామని. సోమవారం నుంచి మా వార్డువాళ్ళు ఇంకా పదకొండుమంది ఇదే చదవాలి కదా.”

ఇరుక్కుంటే ఆ ఉద్యోగం పోయేది. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

కండక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, ఎదురుగా ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టు. ఫోన్ నా చేతికిచ్చి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగారు.