రెండూళ్ళ ఎర్రనాచు

మా మేష్టారు పోయారండి. పది రోజుల కిందట పొద్దున్నే కాలేజీకి బయల్దేరి, చెప్పులేసుకోవడానికని అరుగు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు. నాకు అక్షరాలు సరిగా రావు. ఆయన దగ్గర చదువుకున్న సుభద్ర కాలేజీ పత్రిక కోసం రాసుకుంటానంటే చెబుతున్నాను.

మా ఆయన సూర్యారావు మేష్టారంటే రాజమండ్రిలో బోటనీ చదివినవాళ్ళందరికీ తెలుసు. నిండు విద్వాంసుడు, నిగర్వి. సముద్రంలో పెరిగే ఎర్రనాచే ఆయన ప్రాణం. ఉప్పాడ రాళ్ళ మీద అది పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. కాకినాడ ఉప్పుటేట్లో అదే జాతి పొడుగ్గా, మెత్తగా ఉంటుంది. ఈ తేడా నీళ్ళది కాదు, పుట్టుకదని ఆయన నమ్మకం. అలల దెబ్బకే బిరుసెక్కిందని పెద్ద ప్రొఫెసర్లు కొట్టిపారేశారట. దాంతో రెండూళ్ళ నాచూ తెచ్చి, మా వంటింటి కిటికీలో రెండు గాజు జాడీల్లో ఒకే నీళ్ళు పోసి పెంచారు. ఆదివారమొస్తే బస్సులో ఉప్పాడ వెళ్ళి డబ్బాతో సముద్రపు నీళ్ళు తెచ్చేవారు. గోదారి పక్కనుంచుకుని ఉప్పునీళ్ళు మొయ్యడమేంటండీ అని కండక్టరు వేళాకోళమాడితే తనూ నవ్వేసేవారు.

అలా రెండేళ్ళు పెంచాక ఆవకాయ రోజులొచ్చాయి. నాకు జాడీ చాలక, రెండూ నాచే కదా అని ఒకదాంట్లోది రెండోదాంట్లో కుమ్మరించేశాను. ఆయనొచ్చి చూసి గోడకి చేరగిలబడిపోయారు. తిట్టినా బాగుండేదండి. మాది మండపేట దగ్గర వ్యవసాయపు ఇల్లు, కలిసిపోయిన విత్తనాలు ఏరిన చెయ్యి నాది, వేరుచేసిస్తానుండండి అన్నాను. చూపుకి రెండూ ఒకేలా అయిపోయినా, పట్టుకుంటే తెలిసిపోతోంది, ఏది బిరుసో ఏది మెత్తనో.

ఆయన ఉలిక్కిపడ్డారు. కొన్ని మొక్కలకి ఏ ఊరివో గుర్తుగా అడుగున దారాలు కట్టి ఉంచారట. నన్ను కళ్ళు మూసుకోమన్నారు. దారమున్న మొదలు తాను పట్టుకుని, కొస నా వేళ్ళకి అందించారు. నేను ఊరి పేరు చెబుతూ వచ్చాను. ఒక్కటీ తప్పలేదు.

"రెండేళ్ళు ఒకే నీళ్ళు తాగినా పుట్టుక మారలేదు. నేను చెయ్యాల్సిన పరీక్ష నువ్వు చేశావు" అన్నారు.

కాకినాడలో ప్రొఫెసర్ల సభలో ఆ సంగతి చదివేటప్పుడు నన్నూ తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. చేత్తో గుర్తుపట్టిందెవరని ఒక పెద్దాయన అడిగారు.

"మా ఆవిడండి. ఈ విషయంలో నాకంటే ఆవిడకే బాగా తెలుసు" అన్నారు.

సభంతా నవ్వింది. నేను తల దించేసుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. కాగితాలు బల్ల మీద పెట్టేసి, ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా నిలబడ్డారు. ఆగాక, అదే మాట మళ్ళీ చెప్పారు.

ఆయన పాండిత్యం గురించి పెద్దలు రాస్తారు. నాకు తెలిసింది ఆ నిలబడ్డం. ఆ మహానుభావుడికి నా దండం. నా మాటకి అలా నిలబడేవాళ్ళు ఇంకెవరూ లేరండి.