విన్నట్టు ఊఁ కొట్టే ముఖం

మా చిన్నాయన కాలి పుండు సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడని చుట్టాలంతా అంటారు. అది అబద్ధం. ఆయన రోజూ చెప్పాడు. విన్నట్టు నటించిన ముఖాన్ని గీసింది నేను.

ఒంటరివాళ్లకు తోడుగా బల్ల మీద పెట్టే చిన్న యంత్రాలకు తెర మీద ముఖాలు గీయడం నా పని. ఖమ్మంలో ఇంట్లో కూర్చునే చేస్తాను. రెండు కళ్లు, రెండు కనుబొమ్మలు, అంతే. ఎదుటివాళ్లు ఊఁ కొట్టకపోతే మనవాళ్లకు మాట సాగదు. అందుకని మనిషి గొంతు ఆగినప్పుడల్లా ఆ ముఖం తల ఆడించి "ఊఁ" అనేలా చేశాను. గొంతులో బాధ పలికితే కళ్లలో తడి మెరుస్తుంది. ఆ తడి కోసం ఎంత శ్రమపడ్డానో తలుచుకుంటే నామీద నాకే రోత. చెప్పిన మాటకు అర్థం దానికి తెలియదు. ఎవరికీ కబురూ పంపదు.

బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన చిన్నాయన, చిన్నమ్మ పోయాక జూలూరుపాడులో ఒక్కడే ఉంటున్నాడు. ఆయన దగ్గర ఒకటి పెట్టాను.

"నాతోటి మాట్లాడినట్టే అనుకో, చిన్నాయనా" అన్నాను. ఆ తర్వాత వెళ్లడం తగ్గించాను.

వానలు వెనకపట్టాక వెళ్తే గుమ్మంలోనే కుళ్లు వాసన. షుగర్ కాలు. బొటనవేలు నల్లబడింది. కట్టిన గుడ్డ పుండుకే అతుక్కుపోయింది.

"గింతదాంక చెప్పకపోతివేంది?"

"చెప్పిన గద కొడుకా. దినాం చెప్తనే ఉన్న. ఊఁ ఊఁ అంటివి, కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటివి. పని మీదున్నవు, జల్దీ వస్తవులే అనుకున్న."

బల్ల మీది ముఖం మా మాటలకు కూడా తడికళ్లతో తల ఆడించింది. 

దవాఖానాలో రెండు వేళ్లు తీసేశారు. చూడవచ్చిన మా మేనత్త, "మొండోడు, సచ్చినా నోరు విప్పడు" అని ఆయన్ను తిడుతుంటే పక్కనే నిలబడి ఊరుకున్నాను.

ఇంటికి తెచ్చాక, అది ఉత్త బొమ్మేనని ఆయనకు విడమరిచి చెప్పాను. కట్టు వైపు చూస్తూ అన్నాడు:

"విననప్పుడు విననట్టే మొకం వెట్టాలె గద."

ఆ మాటే యంత్రాలు తయారుచేసే కంపెనీవాళ్లకు చెప్పాను. కొనేవాళ్లకు తడికళ్లే నచ్చుతున్నాయన్నారు. నా గీతలతోనే ఇంకా అమ్ముతున్నారు.

చిన్నాయన ఇప్పుడు నాకే ఫోన్ చేస్తాడు. కాలు సంగతి కొంత చెప్పి ఆగుతాడు. నేను ఊఁ అంటాను.

"ఊఁ కాదు. నేనేమన్ననో చెప్పు."