కొబ్బరికాయల రాశి, నా బీపీ లెక్కలు

మూడు నెలలుగా బయోస్టాటిస్టిక్స్‌తో కుస్తీ పడుతున్నాను. మా ఊళ్లో ఎంతమందికి బీపీ ఉందన్నది నా ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్. ఈ రోజు సాయంత్రం వసారాలో కూర్చుని, ఆరోగ్య కేంద్రానికి వచ్చినవాళ్ల లెక్కలు వేస్తున్నాను. పదో తరగతితో చదువు ఆపేసిన మా తోడికోడలు వెనక నుంచి తొంగిచూసింది.

“వీళ్లంతా డాక్టరుగారి దగ్గరికొచ్చినోళ్లేనాండీ అక్కా?”

“ఊఁ.”

“కొబ్బరికాయల రాశికి పైన పెద్దకాయలే పేరుస్తాం కదండీ. కొనేవోళ్లు పైవి నమ్మరు, అడుగు నుంచి లాగి చూస్తారు. ఇళ్లల్లో ఉన్నోళ్లని కూడా చూడాలేమోనండీ.”

నాకు ఒళ్లు మండింది. శాంపిల్ ఎలా తీయాలన్న అధ్యాయం నాలుగుసార్లు చదివాను నేను. తను కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే మా గైడ్ సారుకి ఫోన్ చేసి, ఆ ముక్క నాకే తోచినట్టు చెప్పాను.

“ఇన్నాళ్లకి సబ్జెక్టు పట్టుబడిందమ్మా నీకు,” అన్నారు.

“ఉంటాను సార్” అని ఫోన్ పెట్టేస్తుంటే తను కాఫీ తెచ్చి అడిగింది. “సారుగారు ఏవన్నారండీ?”

“ఏదో, పర్వాలేదన్నారు.”

“ఆయ్,” అని నాకంటే ఎక్కువ సంబరపడింది.

ఇలాంటి తోడికోడలు మీకూ ఉంటే కింద రాయండి, నాకు కాస్త మనశ్శాంతి. కాఫీ కూడా నాకంటే తనే బాగా పెడుతుంది.